దిష్టి కాదు, బట్టల సబ్బు

ఆ రోజుల్లో రుజువు లేనిదేదీ నమ్మనని నాకు మహా గర్వం. ఒక్కదాన్ని మాత్రం రుజువు అడక్కుండానే నమ్మాను: ముఖం ఎంత చుర్రుమంటే అంత శుభ్రపడినట్టని. గోదావరిఖనిలో బొగ్గుబాయి పనిలో అప్పుడే చేరాను. షిఫ్టు దిగి ఎంత కడిగినా రెప్పల అంచున కాటుకలా బొగ్గు మిగిలేది. (మా బాయిలో బుర్రమీసాల వాళ్లవీ కాటుక కళ్లే.) ఆదివారం సాయంత్రం కాలనీ హాల్లో ‘దిష్టి ఉందా, లేదా’ అని చర్చ. లేదని వాదించాల్సింది నేను. అదే నా మొదటి ప్రసంగం. కాటుక కళ్లతో వేదికెక్కడం ఇష్టంలేక, బట్టల సబ్బూ కొబ్బరిపీచూ పట్టి మూడు రోజులపాటు ముఖాన్ని తోమాను.

ఆదివారానికి బొగ్గు పోయింది, దాంతోపాటు తోలూ లేచింది. బుగ్గలు ఎర్రగా వాచి పొట్టు రాలుతున్నాయి. వేదికెక్కానో లేదో, ముందు వరుసలోంచి మా అవ్వే లేచింది. “సూడుండ్రి! దిష్టి లేదంటడు, తగిలి మొఖం ఎట్లయిందో!” ఎదుటి పక్షాన ఉన్న మా బావ, “ఇంక సాక్ష్యం ఏం కావాలె బామ్మర్ది?” అని కాలు మీద కాలేసుకున్నాడు. నిజం చెబితే పరువు పోతుంది, చెప్పకపోతే వాదం పోతుంది. “బట్టల సబ్బుతోని తోమిన” అన్నాను నేల చూస్తూ.

హాలు గొల్లుమంది. దవాఖానలో నర్సుగా చేసే మా అక్క లేచి నిలబడింది. “మొఖం అనుకున్నవా, అన్నం వండే గంజు అనుకున్నవా? తోలు మీద సన్నటి నూనె పొర ఉంటది తమ్మి. లోపలి తడిని పోనియ్యది. బట్టల సబ్బు మురికితోని పాటు దాన్ని గూడ గుంజుకపోతది. మెత్తటి ఫేస్‌వాష్ మురికిని పట్టుకొని నీళ్లతోని పోతది, పొరను అంతగనం ముట్టది. నురగ తక్కువొస్తే ఫికర్ చెయ్యకు. వేళ్లతోని మెల్లగ రాసి కడుగు, తువ్వాలతోని అద్దుకో. గంతే!”

చర్చ నేనే గెలిచాను. (నెల రోజులు బాయిలో “ఏమన్నా, గంజు తోమినవా?” అని పలకరింపులు.) ఇంటికి రాగానే అవ్వ ఉప్పూ మిరపకాయలూ పట్టుకుని వాకిట్లో ఆపింది. “సబ్బుదే తప్పు, ఒప్పుకున్న. అయినా గింతమంది సూసిండ్రు గదా, జర నిలబడు.” నా దగ్గర ఇంకా తొమ్మిది వాదనలున్నాయి. కానీ నోరు కదిపితే బుగ్గలు మండుతున్నాయి. కళ్లు మూసుకుని నిలబడ్డాను. దిష్టి తీశాక, అక్క ఇచ్చిన క్రీమును అవ్వే నా బుగ్గలకు మెల్లగా అద్దింది. దిష్టి మీద ఆ తర్వాత ఎన్నో వ్యాసాలు రాశాను. వాకిట్లో కిక్కురుమనకుండా నిలబడిన ఆ యువకుడి సంగతి మాత్రం ఇదే మొదటిసారి రాయడం.