గాల్లో నిలబడ్డ కొంగ

ఎదుటివాడు చెప్పింది ఒప్పుకునే ముందు "రుజువేది?" అని మీరు చివరిసారి ఎప్పుడు అడిగారు?

నేను బుద్ధెరిగినప్పటి నుంచీ అడుగుతూనే ఉన్నాను. దయ్యాలు, చేతబడి, బాణామతి, దిష్టి, వేటినీ నమ్మలేదు. నమ్మేవాళ్ళతో సభల్లో వాదించాను, పెళ్ళి భోజనాల బంతిలో వాదించాను, ఒకసారి దోహా విమానంలో సీటు బెల్టు బిగించుకుని మరీ వాదించాను. ఇప్పటికీ నమ్మను. దయ్యం కోసం చదువుతున్నవాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు. ఇందులో దయ్యం లేదు. ఒక దున్న ఉంది. ఉందని అందరూ అంటారు.

మేం ఖతార్‌లో, దోహా శివారు ఐన్ ఖాలిద్‌లో ఉంటాం. చలికాలం శుక్రవారాల్లో నేనూ నా భార్య సుశీలా దోహాకు ఉత్తరాన ఉన్న ఒక పెద్ద ఫారానికి పక్షుల్ని, జింకల్ని చూడ్డానికి వెళ్తాం. యజమాని ముసలాయన, మేం ఎప్పుడు వెళ్ళినా పలకరించి కబుర్లు చెబుతాడు. పనివాళ్ళందరికీ ఆయన అర్బాబ్. ఆయన అమెరికా నుంచి బైసన్లను, అంటే మెడ నిండా జూలుండే దున్నల్ని, తెప్పించి పెంచుతున్నాడు. మిగతా నేలంతా కంచె వేసి అడవి జంతువులకు వదిలేశాడు. అక్కడ వేట లేదు, బండ్ల రొద లేదు. దున్నల తొట్టి దగ్గర నీళ్ళు తాగడానికి జింకలొస్తాయి, పొడుగు కొమ్ముల తెల్ల ఒరిక్స్‌లొస్తాయి, కొంగలొచ్చి దున్నల వీపులెక్కి ఈగల్ని ఏరుకుంటాయి.

దున్నల్ని చూసుకునేవాడు జగిత్యాల వైపు నుంచి వచ్చిన మల్లేశం. ఇంటికి వీడియో కాల్ చేస్తే పిల్లలు "దుబాయ్ బర్రెను సూపియ్యి బాపూ" అంటారట. ఇది దుబాయ్ కాదు, అది బర్రె కాదు అని చెప్పీ చెప్పీ విసిగిపోయాడు. మందలోని ముసలి పోతుకు పటేల్ అని పేరు పెట్టుకున్నాడు.

"మా ఊరి పటేల్ గూడ గిట్లనే సార్. ఎవలొచ్చినా లేవడు."

మొదటిసారి వెళ్ళినప్పుడు "అగో, తొట్టికాడ" అని చూపించాడు. తొట్టి కనబడింది. చుట్టూ ఆడదున్నలు కనబడ్డాయి. పటేల్ కనబడలేదు.

"గంత పెద్ద జీవం సార్, కనవడ్తలేదా?"

"అమ్మో, లారీలా ఉందండీ!" అంది సుశీల.

ఇద్దరూ కలిసి నన్ను ఆటపట్టిస్తున్నారనుకున్నాను. ఎవరైనా అదే అనుకుంటారు. సుశీలను కారు దగ్గరికి, మల్లేశాన్ని గడ్డి షెడ్డు దగ్గరికి పంపి విడివిడిగా ప్రశ్నించాను. దాని తల ఎటుంది, తోక ఎటుంది, ఏం చేస్తోంది? ఇద్దరూ ఒకటే చెప్పారు. అది చాలదని, ముక్కూమొహం తెలియని ఒక కేరళ కుటుంబాన్ని గమనించాను. వాళ్ళ చిన్నపిల్ల ఉత్త ఇసుకకు టాటా చెప్పి వెళ్ళింది.

ఫోనుతో ఫోటో తీశాను. అందులోనూ నాకు తొట్టే కనబడింది. సుశీల అదే ఫోటో చూసి "తోక తెగిపోయింది, మళ్ళీ తీయండి" అంది.

కంచె దగ్గర చెవి పెడితే బుస్సుమని ఊపిరి వినబడేది. పేడ వాసన వచ్చేది. చెయ్యి చాపబోతే "కొత్తోళ్ళను పొడుస్తది సార్" అని మల్లేశం వెనక్కి లాగేవాడు. మిగతా దున్నలన్నీ నాకు శుభ్రంగా కనబడుతున్నాయి, వాటి మీది ఈగలతో సహా.

అల్ ముంతజాలో కళ్ళ డాక్టరుకు చూపించుకున్నాను. చిన్న అక్షరాలన్నీ గడగడా చదివేశాను. అద్దాలు కూడా అక్కర్లేదన్నాడు. మెదడే దాచిపెడుతోందా అని ఆలోచించాను. దాచేదేదో ఆఫీసులో మా బాసును దాచొచ్చు కదా?

సుశీలకు మాత్రం ఇందులో వింతేమీ కనబడలేదు. "పెళ్ళైనప్పటి నుంచీ ఎదురుగా ఉన్న ఉప్పు డబ్బానే మీకు కనబడదు. దున్న కనబడుతుందా?"

ఇదంతా నవ్వులాటగానే సాగిపోయేది. కానీ ఈ చలికాలం ఫారానికి కొత్త మేనేజరు వచ్చాడు. పటేల్‌కు గిట్టలో ఏదో పుండు లేచి కొన్నాళ్ళు కుంటింది. మేనేజరు దాన్ని చూసి, ఈ ముసలి పోతు దండగ, కోయించేద్దామని అర్బాబ్‌కు చెప్పాడు. పుండు మానిపోయిందని మల్లేశం మొత్తుకున్నాడు. సాకినవాడు అలాగే అంటాడని కొట్టిపారేశారు.

శుక్రవారం నమాజు అయ్యాక అర్బాబ్ స్వయంగా వచ్చి తేలుస్తానన్నాడు. ఆ పొద్దున మల్లేశం నాకు ఫోన్ చేశాడు. "మీరంటే ఆయినెకు గురి సార్. పటేల్ మంచిగ నడుస్తుండని ఒక్క మాట చెప్పుండ్రి. లేకుంటే రేపే కోస్తరు."

చూడనిదాన్ని చూశానని చెప్పడమా? అలా చెప్పేవాళ్ళతోనే కదా నా జీవితమంతా పోట్లాట! చెప్పలేనన్నాను. ఫోన్‌లో ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినబడింది. సుశీలకు జ్వరం, నేనొక్కణ్ణే వస్తానన్నాను. ఏం చెబుతానో నాకే తెలియదు.

అర్బాబ్ ల్యాండ్ క్రూజర్ దిగి, చేతికర్ర ఆనించుకుని నా భుజం మీద చెయ్యి వేశాడు. "నాకు కళ్ళలో పొరలొచ్చాయి. ఇక్కడంతా మసకగా ఉంది. మేనేజరు కుంటుతోందంటాడు, వీడు లేదంటాడు. నీ కళ్ళు బాగున్నాయి. చూసి చెప్పు."

ఇంతమంది ఉండగా ఆయనకు నా కళ్ళే దొరికాయి!

"యల్లా, నడిపించు" అన్నాడు మేనేజరు. మల్లేశం దాణా బకెట్ పట్టుకుని కంచె పక్కనే వెనక్కి వెనక్కి నడవడం మొదలుపెట్టాడు. "రా పటేలా, రా నాయినా, మంచిగ నడువ్." అవతల ఉన్నది ఖాళీ ఇసుక. ఒక పెద్దమనిషి గాలిని బతిమాలుతున్నాడు.

అప్పుడు చూశాను కొంగను.

తెల్లకొంగ. మనిషి తలకంటే ఎత్తున, గాల్లో, కాళ్ళు రెండూ చాపి నిలబడి ఉంది. రెక్కలు ముడుచుకునే ఉన్నాయి. కింద ఏమీ లేదు. మల్లేశం ఎటు కదిలితే అటు, నిలబడ్డది నిలబడ్డట్టే తేలుతూ వస్తోంది. సభలో ఎవరైనా ఇది చెబితే నేనే గేలి చేసేవాణ్ణి.

"చెప్పు" అన్నాడు అర్బాబ్.

నేను కంటితో చూసినంతవరకే చెప్పాను. "నా మాట పక్కన పెట్టండి అర్బాబ్. ఆ తెల్ల కొంగను చూడండి. కింద కాలు కుంటితే అది అడుగడుగునా ఎగిరిపడాలి, రెక్కలు విప్పి సర్దుకోవాలి. ఇది పల్లకీలో పెళ్ళికూతురిలా వస్తోంది."

ముసలాయన ముందుకు వంగాడు. నల్లటి జూలు ఆనని ఆ కళ్ళకు తెల్లటి చుక్క ఆనింది. అది కంచె పొడుగునా ఒకే ఎత్తున సాగిపోవడం చూస్తూ ఉండిపోయాడు. తర్వాత పొట్ట కదిలేలా నవ్వాడు.

"ఖలాస్! ఉండనివ్వండి. వయసైపోయి అదే పోయేదాకా ఎవరూ ముట్టుకోవద్దు."

మేనేజరు మొహం మాడిపోయింది. మల్లేశం కంచె మీంచి చెయ్యి చాపి గాలిని నిమిరాడు. ఆ చెయ్యి ఏదో గట్టిదానికి ఆగి, దాని వంపు మీదుగా జారింది. "నీ పానం గట్టిది పటేలా" అని కళ్ళు తుడుచుకున్నాడు.

నేను ఆ రోజు అబద్ధమాడలేదు. "దున్నను చూశావా?" అని నన్నెవరూ అడగలేదు. పటేల్ ఇప్పుడు సుఖంగా ఉందట. నాకు ఇప్పటికీ కనబడదు. ఎందుకో నా దగ్గర సమాధానం లేదు. లేదని చెప్పడానికి సిగ్గూ లేదు. కానీ ఒక అనుమానం పీకుతోంది. కనబడనివాణ్ణి నేనొక్కణ్ణేనా? మొహమాటానికి "ఆహా" అనేసి పోతున్నవాళ్ళు ఇంకెందరు?

కాబట్టి ఖతార్‌లో ఉన్నవాళ్ళు వచ్చే శుక్రవారమే ఆ ఫారానికి బయల్దేరండి. తాయెత్తులూ నిమ్మకాయలూ ఇంట్లో పెట్టి రండి. కంచె దగ్గర నిలబడి తొట్టి వైపు చూడండి. పక్కవాళ్ళు చెప్పేదాకా ఆగకండి. కనబడితే కనబడిందనండి. కనబడకపోతే, అక్కడున్న అందరికీ వినబడేలా, కనబడలేదని గట్టిగా చెప్పండి.