భైరవుడి పచ్చి చేప

మా అమ్మాయి పెంచుకుంటున్న కుక్క పచ్చి కోడిమెడను నమిలేటప్పుడు వచ్చే చప్పుడు ఉంది చూశారూ, పై అంతస్తులో ఎవరో పందిరిమంచం విరగ్గొడుతున్నట్టు ఉంటుంది. మొన్న ఆదివారం విశాఖపట్నంలోని మా ఫ్లాటులో ఆ చప్పుడు వింటూ కూర్చున్న నా చేతిలో కాఫీ చల్లారిపోయింది. "కాస్త ఉడకబెట్టి పెట్టరాదుటే పాపం" అన్నాను. "ఉడికిన ఎముక పేగుల్లో గుచ్చుకుంటుంది నాన్నా. పచ్చిదే మంచిది. నెట్‌లో అందరూ అదే చెబుతున్నారు" అంది. నెట్ అనేది మా పలాస పొలిమేర తొక్కకముందే ఆ మాట నాతో ఒకావిడ అన్నది. నెత్తిన చేపల గంపతో నిలబడి మరీ అన్నది. ఆమె పేరు పోలమ్మ. మీలో ఎవరూ ఆమెను చూసి ఉండరు కాబట్టి నేను ఎలా చెప్పినా నమ్ముతారు. నా భయమల్లా అదే.

తొంభైల చివరి సంవత్సరాలు. పలాసను ఆనుకుని ఉన్న కాశీబుగ్గలో మాది పౌరోహిత్యం చేసుకునే ఇల్లు. మనుషులం ముగ్గురమే, అమ్మా నాన్నగారూ నేనూ. మిగతా జనాభా అంతా తోకలున్నవాళ్ళు. ఏడు పిల్లులు, ఎగరడం మరిచిపోయిన ఒక చిలుక, వీళ్ళందరి మీదా అధికారిగా భైరవుడు. ఒక వానరోజు మా అరుగెక్కిన వీధికుక్క మళ్ళీ దిగలేదు. శివుడి పరివారంలోనివాడని నాన్నగారు దానికి ఆ పేరు పెట్టారు. పెట్టాక ఇక 'ఒరే' అనడానికి నోరు రాక "రావయ్యా భైరవా, భోంచెయ్యవయ్యా" అని పిలిచేవారు. నన్ను పుట్టాక ఒక్కసారి కూడా 'అయ్యా' అని ఎరుగరు. నైవేద్యం దించగానే మొదటి ముద్ద భైరవుడిది, తర్వాత పిల్లులది, ఆ తర్వాత మిగిలితే నాది. కాకపోతే ఆ ముద్ద ఎప్పుడూ పెరుగన్నమే. రెండేళ్ళు అదే తిని తిని మా కుక్కకు బొచ్చు రాలిపోయింది, పక్కటెముకలు పైకి తేలాయి, మొరగడం మానేసి నిట్టూర్చడం మొదలెట్టింది. జంధ్యం ఒక్కటే తక్కువ.

పోలమ్మది ఉద్దానం తీరంలో ఒక జాలరి పల్లె. పొద్దున్నే పడవలు ఒడ్డుకు రాగానే గంప నింపుకుని ఆటోలో కాశీబుగ్గ వచ్చేది. మా వీధిలో గుమాస్తాల ఇళ్ళకూ మాస్టర్ల ఇళ్ళకూ చేపలు వేసి, మా ఇంటిని మాత్రం తలవంచుకుని దాటిపోయేది. "కవళ్ళో... నెత్తళ్ళో..." అని ఆమె కేక పెడితే పలాస స్టేషనులో బయల్దేరిన రైలు ఆగి చూసేదని మా వీధిలో ప్రతీతి. ప్రతీతి పుట్టించింది నేనే. అలాంటి పోలమ్మ ఒకరోజు మా అరుగు ముందు ఆగిపోయింది.

"పంతులుగోరూ, ఈ కుక్క సేత ఉపాసాలు మీరు సేయిత్తన్నారా, అదే మొక్కుకుందా?"

"సాత్త్వికాహారం. దానికి అలవాటైపోయింది" అన్నారు నాన్నగారు.

"ఏటలవాటు? దాని పళ్ళు సూడండి ఓపాలి. పెరుగు తాగడానికి అంతంత పళ్ళెందుకిచ్చినాడు దేవుడు?"

నాన్నగారు చదివిన శాస్త్రాలన్నీ మనసులో తిరగేయడం మొదలుపెట్టారు. ఆయన ఇంకా వెతుక్కుంటూ ఉండగానే పోలమ్మ గంపలోంచి ఒక పచ్చి కవళ్ళ చేప తీసి విసిరింది. అది నేలమీద పడలేదు. ఆ రోజు నుంచి మా ఇంట్లో ఒక కొత్త ఆచారం మొదలైంది. పోలమ్మ రాగానే నాన్నగారు గోడవైపు తిరిగి స్తోత్రం అందుకునేవారు. చేప తినడం అయ్యేదాకా ఆయనకు ఆ గోడలోనే దేవుడు కనిపించేవాడు. అయ్యాక అమ్మ పసుపునీళ్ళు చల్లేది, స్తోత్రం ఆగేది. మూడు నెలల్లో భైరవుడు ఎంత నిగనిగలాడాడంటే నేను వాడి వీపులో చూసుకుని తల దువ్వుకునేవాణ్ణి.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. డిగ్రీ అయిపోయి, ఉద్యోగ పరీక్షల పుస్తకం ఒళ్ళో పెట్టుకుని అరుగుమీద నిద్రపోవడమే నా పని. ఒకసారి పోలమ్మ ఇచ్చిన చేపను తోక పట్టి ఎత్తి భైరవుణ్ణి గెంతిస్తున్నాను. ఆమె నా మణికట్టు పట్టుకుంది. అంతవరకు ఎవరూ మా ఇంటివాళ్ళను అలా పట్టుకుని ఉండరు.

"తినేటోడి నోటికాడ ఆటలాడకు సిన్నపంతులూ. పెట్టు. పెట్టి అవతలికి తిరుగు. సూత్తే ఆడికి సిగ్గు."

ఇప్పటికీ మా ఇంట్లో ఎవరైనా ఆకలిగా తింటుంటే నేను లేచి పక్కగదిలోకి పోతాను. మా ఆవిడ దాన్ని అమర్యాద అంటుంది.

ఇక దాచుకున్న సంగతి చెప్పాలి. ప్రతి ఆదివారం స్నేహితులతో కలిసి చదువుకుంటానని చెప్పి స్టేషను దగ్గర హోటల్లో నేను కోడికూర తినేవాణ్ణి. పాపాన్ని ఒక్కణ్ణే మొయ్యలేక ఎముకలు కాగితంలో చుట్టి తెచ్చి, పెరటి సందులో భైరవుడికి పెట్టేవాణ్ణి. ఒకరోజు ఆ సందులో పోలమ్మ ఎదురైంది. కాగితం చూసింది, నా మూతి చూసింది, నవ్వింది.

"నువ్వు తింతే తిను, నాకేటి. కూరలో ఎముక మాత్రం దానికెట్టకు బాబూ. పచ్చిదయితే నమిలేత్తాది. ఉడికినాది పుల్లలాగ ఇరిగి కడుపులో గుచ్చుకుంతాది."

"నువ్వేమైనా పశువుల డాక్టరువా పోలమ్మా?"

"మా రేవులో కుక్కలే మాకు డాక్టర్లు. ఆటిని సూసే నేర్సుకున్నాం."

నేను పగలబడి నవ్వాను. ఆ తర్వాతి ఆదివారమూ ఎముకలు తెచ్చాను.

మంగళవారానికి భైరవుడు నీళ్ళు కూడా ముట్టలేదు. నెత్తురు కక్కాడు. పశువుల డాక్టరు వచ్చి పొట్ట నొక్కి చూసి, "లోపల ఏదో గుచ్చుకుంది. ఎముకో, ముల్లో" అన్నాడు. గురువారం ఉదయం నాన్నగారి ఒడిలో తలపెట్టి వాడు పోయాడు. ఆ రోజు ఒప్పుకున్న గృహప్రవేశానికి ఆయన వెళ్ళలేదు. ఆయన ఏడవగా చూడడం నాకు అదే మొదటిసారి.

అలలు ఎక్కువై పడవలు కదలక మంగళవారం నుంచి రాని పోలమ్మ మర్నాడు వచ్చింది. ఆమె చేతిలో భైరవుడి చేప ఉంది. నాన్నగారు అరుగు దిగి వీధి మధ్యకు వెళ్ళారు.

"నీ చేప ముల్లే నా బిడ్డను చంపింది పోలమ్మా!"

ఇళ్ళల్లోంచి జనం బయటికి వచ్చారు. పోలమ్మ గంప దించి కిందపెట్టింది. "ఓలమ్మా, ఎప్పుడెల్లిపోనాడు..." అని, చేతిలోని చేపను గంపలో పెట్టి, నెమ్మదిగా అన్నది. "ఇన్నాళ్ళు గుచ్చుకోని ముల్లు ఇప్పుడు గుచ్చుకుంతాదా పంతులుగోరూ? మీ సిన్నపంతుల్ని ఓపాలి అడగండి."

నా సంగతి ఆమె బయటపెట్టలేదు. చెప్పే అవకాశం నాకే ఇచ్చింది. నాన్నగారు నావైపు తిరిగారు.

"ఏరా, నీకేమైనా తెలుసా?"

ఏమీ తెలియదంటే సరిపోయేది. అదే పిరికితనానికి చాలు. కానీ ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పడం నాకు ఏ రోజూ చేతకాలేదు. "ఈమధ్య ఆ చేపలు వాసన వస్తున్నాయి నాన్నగారూ. నిన్నటివీ మొన్నటివీ పెడుతున్నట్టుంది. కుళ్ళు వాసన" అన్నాను.

ముల్లు గుచ్చుకుందంటే అది ఖర్మ అనుకుంటారు. చేపలమ్మే మనిషిని పట్టుకుని కుళ్ళువి అమ్ముతుందంటే ఇక ఆ గంప ఎత్తుకోవడం దేనికి? పోలమ్మ గంప నెత్తికెత్తుకుని వెళ్ళిపోయింది. ఆటోలు ఆగే మలుపు దగ్గర ఆమెను అందుకున్నాను. ఎందుకు పరిగెత్తానో నాకే తెలియదు.

"నాకాడికెందుకొచ్చినావు?" అన్నది. "సెప్పాల్సిన మాట అక్కడుంది. ఎల్లి సెప్పు. నానుంటాను."

ఒక ఆటో వచ్చింది. ఆమె ఎక్కలేదు. రెండోది వచ్చింది. అదీ వదిలేసింది. నేను చెప్పుల వైపు చూస్తూ నిలబడ్డాను. మూడో ఆటో ఎక్కి వెళ్ళిపోయింది.

మా వీధిలో ప్రతి ఇంటికీ ముహూర్తం పెట్టింది నాన్నగారే. ఆయన కొడుకు మాట కాబట్టి అందరూ నమ్మారు. వారం తిరిగేసరికి మా వీధిలోనే కాదు, పక్క రెండు వీధుల్లోనూ ఆమె దగ్గర ఎవరూ చేప కొనలేదు. ఆమె రావడం మానేసింది.

ఏడెనిమిదేళ్ళకు, టెక్కలిలో గుమాస్తా ఉద్యోగం చేస్తున్న రోజుల్లో, కాశీబుగ్గ చేపల బజారులో ఆమె కనబడింది. ఇదివరకటిలా తిరిగే ఓపిక లేక ఒక మూల గోనెపట్టా పరుచుకుని కూర్చుంది. నేను తప్పించుకుపోయేలోగా "సిన్నపంతులూ" అని పిలిచింది. ఒక చేప తీసి, నలుగురి ముందు నా ముక్కు దగ్గర పెట్టింది.

"సూసి సెప్పు. కుళ్ళిందా?"

"లేదు పోలమ్మా. తాజాగా ఉంది."

"గట్టిగా సెప్పు."

బజారంతా వినబడేలా చెప్పాను. ఆమె చేపను మళ్ళీ పట్టా మీద పెట్టి, తర్వాత బేరానికి తిరిగింది.  ఆ మాట వినవలసిన వీధి అక్కడికి మైలు దూరంలో ఉంది. ఆ అరుగుమీద నాన్నగారు ఇంకా కూర్చునే ఉన్నారు, చూపు తగ్గినా చెవులు బాగానే పనిచేసేవి. మరో మూడేళ్ళు ఉండి ఆయన వెళ్ళిపోయారు. ఆ మైలు నేను నడవలేదు.