విశ్వనాథం మాస్టారు నా కోసం ఎత్తిన చెయ్యి

గురువారం ఉదయం మా వాద్యబృందంలో పాడే రాంబాబు ఫోన్ చేసి, "మాస్టారు పోయారు మూర్తీ. నిద్రలోనే" అన్నాడు. అంతకు నాలుగు రోజుల ముందే ఆయన పక్కన కూర్చుని మాండలిన్ వాయించాను.

విశ్వనాథం గారు రైల్వే పార్సిల్ ఆఫీసులో గుమాస్తాగా రిటైరయ్యారు. తబలా వల్ల మా అందరికీ మాస్టారయ్యారు. విజయవాడ వన్ టౌన్‌లో ఒక కాగితాల గోడౌన్ మీది గదిలో ప్రతి ఆదివారం సాయంత్రం మా ఔత్సాహిక వాద్యబృందం సాధన చేసేది. బ్యాంకు ఉద్యోగులం, టీచర్లం, ఒక మందుల షాపు యజమాని. అక్కడ మాస్టారు పెట్టిన ఆచారం ఒకటి ఉంది. తప్పు వాయించినవాడు తనంతట తనే చెయ్యెత్తాలి. పాట పల్లవి నుంచి మళ్ళీ మొదలవుతుంది. ఎవరూ ఎవరినీ తప్పుపట్టకూడదు. పైగా చెయ్యెత్తినవాడికే మొదటి టీ. "చెయ్యెత్తితే భుజమేమీ అరిగిపోదోయ్, పాట బాగుపడుద్ది" అనేవారు.

పన్నెండేళ్ళ కిందట కూచిపూడి దగ్గర ఒక ఊళ్ళో కచేరీకి సిద్ధమవుతున్నాం. చరణానికి ముందు వచ్చే నా మాండలిన్ ముక్కను తొందరపడి ముందే ఎత్తుకున్నాను. పాట చెదిరింది. తప్పు నాదేనని నాకు తెలుసు. చెయ్యి ఎత్తలేదు. మాస్టారు నావైపు ఒకసారి చూసి, తబలా మీది చెయ్యి తీసి తనే పైకెత్తారు. మళ్ళీ మొదలుపెట్టాం. మళ్ళీ నాదే తప్పు, మళ్ళీ ఆయనదే చెయ్యి. మూడోసారీ అంతే. అప్పుడైనా ఊరుకోక, "వయసైపోతోంది మాస్టారూ, లయ నిలవట్లేదు" అన్నాను. ఆ మాట నమ్మి మావాళ్ళు కచేరీకి వేరే తబలా విద్వాంసుణ్ణి పిలిచారు. మాస్టారు ప్రేక్షకుల్లో కూర్చుని మాకు చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత ఆయనకు ముఖం చూపించలేక, ఉద్యోగంలో తీరిక లేదని అబద్ధం చెప్పి, బృందాన్ని వదిలేశాను.

కిందటి నెల రాంబాబు, "వాయించకపోతే పోనీ, ఊరికే వచ్చి కూర్చోవయ్యా" అంటూ లాక్కెళ్ళాడు. గోడవారన కుర్చీలో కూర్చుని విన్నాను. అందరి జుట్లూ నెరిశాయి. అవే పాటలు, అవే వెక్కిరింతలు. ఎంత హాయిగా ఉందో! మాస్టారి వేళ్ళు కాస్త నెమ్మదించాయి గానీ లయ ఇసుమంతైనా తొణకలేదు. టీ తాగేటప్పుడు అందరి ముందూ చెప్పేశాను. "ఆ రోజు తప్పు నాదండీ. మూడుసార్లూ నాదే."

మాస్టారు టీ ఊదుకుంటూ, "నాకు తెలీదేంటోయ్?" అన్నారు.

"మరి అప్పుడే ఎందుకు చెప్పలేదండీ?"

"నువ్వే చెబుతావని చూశా. ఎప్పుడూ ముందే ఎత్తుకునేవాడివి, దీనికి మాత్రం ఇంత ఆలస్యమేంటయ్యా!"

గదంతా పగలబడి నవ్వింది. కళ్ళు తుడుచుకుంటూ నేనూ నవ్వాను. "కచేరీ పోయినందుకు బాధపడ్డారా?" అని అడిగాను.

"పడ్డానయ్యా. ఆ పూట అన్నం సయించలా" అన్నారు దాచకుండా.

క్షమించానని మాత్రం అనలేదు. బీరువాలోంచి, నేను వదిలేసి పోయిన మాండలిన్ తీసి నా ఒళ్ళో పెట్టి, "శ్రుతి చూసుకో" అన్నారు. తీగలు కొత్తవి. ఆయనే వేయించారట.

తర్వాత మూడు ఆదివారాలు ఆయన పక్కన వాయించాను. అంత నిండైన సాయంత్రాలు నా జీవితంలో ఎక్కువ లేవు. నా ముక్క దగ్గరపడగానే ఆయన నావైపు తిరిగి, సరిగ్గా వేళకు కళ్ళతోనే 'ఇప్పుడు' అనేవారు. ఒక్కసారీ తప్పలేదు.

ఈ ఆదివారం కూడా సాధన ఉంది, వెళతాను. అలా వేళకు చూసి చెప్పడం మాత్రం ఇక ఎవరివల్లా కాదు. నా అంతట నేనే ఆగి, నా అంతట నేనే ఎత్తుకోవాలి. మాస్టారికి నేను పెట్టగల నమస్కారం అదే.