నీళ్ళలో మూడు దెబ్బలు

మా ఇంటి వెనక గదిని స్టూడియో అంటే మా వాళ్ళు ఇప్పటికీ నవ్వుతారు. నవ్వనీ. గోడలకి చేపలు ప్యాక్ చేసే థర్మోకోల్ పెట్టెల మూతలు అంటించి, వాటిమీద మా అమ్మ కుట్టిన పాత బొంతలు వేలాడదీసి, నా చేతులతో నేను కట్టుకున్న గది అది. మూతలు గిలకలదిండి హార్బరులో ఊరికే ఇచ్చారు. ఎందుకు ఊరికే ఇచ్చారో మొదటి వేసవిలో తెలిసింది. మా చర్చి పాటల బృందం లోపలికొచ్చి, కీర్తన అందుకోకముందే ముక్కులు మూసుకుంది. మూతలన్నీ పీకి, సబ్బునీళ్ళతో కడిగి, ఎండబెట్టి మళ్ళీ అంటించాను. గదిలో మోతని ఆపేది థర్మోకోల్ కాదని, బొంతలని తరవాత తెలిసింది. నేను నెలల తరబడి చదివి చేసిన పనికన్నా మా అమ్మ చలికోసం కుట్టిన కుట్టే నయమైంది.

బందరులో పాడేవాళ్ళకి కొదవ లేదు. కూచిపూడి నుంచి డాన్సు మాస్టార్లు కూడా వచ్చి పిల్లల ప్రోగ్రాములకి పాటలు రికార్డు చేసుకుని వెళ్తారు. మైకులు మాత్రం నేను కొనేవాటికన్నా చేసుకునేవే ఎక్కువ. నాకు అదో పిచ్చి. కీ ఇచ్చే అలారంలో కాదుగాని, బ్యాటరీ అలారంలో కూతపెట్టే పల్చటి ఇత్తడి బిళ్ళ ఒకటి ఉంటుంది. కరెంటిస్తే కూస్తుంది. తిరగేసి వాడితే వింటుంది. గుడివాడలో రేడియోలు బాగుచేసే కొట్లో అలాంటివి గుప్పెడు తెచ్చుకున్నాను. దానికి తీగ అతికించి ఏ వస్తువుకి ఆనిస్తే ఆ వస్తువు లోపలి చప్పుడు వినిపిస్తుంది. గాలిలో మనం అనే మాట దానికి పట్టదు.

మొదటిసారి దాన్ని గది తలుపుకి అంటించి హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నాను. చెక్క లోపల ఏదో నములుతోంది. ఒకటి కాదు, చాలా. చెదపురుగులని తెలుసు, అయినా తలుపు మీదనుంచి చెయ్యి తీసేశాను. గోడకి ఆనిస్తే పక్కింటి ఫ్రిజ్ మూలుగు, ఎవరో మెట్లు దిగుతున్న అడుగులు. నా గొంతుకి ఆనించుకుంటే మింగిన ప్రతి గుటకా చెరువులో రాయి పడ్డట్టు వినిపించింది. మన చుట్టూ ఉన్నవన్నీ ఏదో ఒక పని చేస్తూనే ఉంటాయని, వినపడకపోవడమే మనకి మేలని ఆ రోజు అనుకున్నాను. అనుకుని ఊరుకుంటే బాగుండేది. మా ఇంటికి చేపలు తెచ్చే పిన్నికి కూడా వినిపించాను. ఆవిడ వెళ్ళి వాళ్ళాయనకి చెప్పింది.

పిన్ని, బాబాయి అంటున్నాను గాని మాకు చుట్టరికం లేదు. వాళ్ళది సముద్రం మీద బతికే కుటుంబం, వెనక వీధి. బాబాయి ఒక ఇంజను బోటుకి సరంగు, అంటే చుక్కాని పట్టి నడిపేవాడు. మనిషి మితభాషి. ఆ రోజు మాత్రం గుమ్మంలో నిలబడే అడిగాడు.

"అమ్మాయ్, నీ బిళ్ళ నీళ్ళలో కూడా వింటదా?"

"తడిస్తే పాడైపోతుంది బాబాయ్. తడవకుండా కట్టొచ్చు."

"అయితే కట్టు. నాకు సాక్ష్యం కావాలి."

కూర్చోబెట్టి టీ ఇస్తే అప్పుడు చెప్పాడు. వాళ్ళ బోటులో ఇంజను మోతకి అరిచినా వినపడదు. అందుకని వెనక వల దగ్గరున్నవాళ్ళు ముందు క్యాబిన్‌లో ఉన్న సరంగుకి చెక్కమీద కొట్టి చెబుతారు. రెండు దెబ్బలు కొడితే పోనీ అని. మూడు కొడితే ఆపు అని. బాబాయి తమ్ముడు అదే బోటులో వల దగ్గర పనిచేసేవాడు. ఒక రోజు మొగలో, అంటే ఏరు సముద్రంలో కలిసేచోట, బాబాయికి మూడు దెబ్బలు వినపడ్డాయి. బల్ల ఏదో ఊడి కొట్టుకుంటోందనుకున్నాడు. ఇంజను ఆపలేదు. వల తాడు కాలికి చుట్టుకుని, నీళ్ళలోకి పోతూ పోతూ తమ్ముడు కొట్టిన దెబ్బలవి. మనిషి దొరకలేదు.

బాబాయికి పాతకాలపు అలవాటు ఒకటుంది. తెడ్డు నీళ్ళలోకి దించి, పైకొసకి చెవి ఆనించి, కింద గొరకలు ఉన్నాయో లేదో వింటాడు. ఆ చేపలు గుంపుగా ఉంటే గురకపెట్టినట్టు వినపడుతుందట. తమ్ముడు పోయాక కూడా, మొగ దగ్గర పోటు నీటి కోసం బోట్లన్నీ ఇంజను ఆపి ఆగినప్పుడు, అలవాటుగా తెడ్డు దించాడు. గొరకలు కాదు, మూడు దెబ్బలు వినపడ్డాయి. అప్పట్నుంచి ఎప్పుడు దించినా అవే. వినపడితే ఆయన ఇంజను స్టార్టు చెయ్యనివ్వడు. మిగతా బోట్లు వెళ్ళిపోతాయి, పోటు తీసిపోతుంది, వీళ్ళ బోటు బురదలో కూర్చుంటుంది. బోటులో పనిచేసే కలాసీలు విసిగిపోయారు. ఈసారి అలా చేస్తే బోటు దిగిపొమ్మని ఓనరు చెప్పేశాడు.

"నాకు మతి చెడిందంటన్నారు. నీ మిషను కూడా వింటే నాకు మతి ఉన్నట్టే గదా. వినకపోతే నేనే దిగిపోతాను," అన్నాడు.

చుక్కాని తప్ప ఇంకో పని చేతకాని మనిషి. కాదనలేకపోయాను.

బిళ్ళ వెనక తీగ అతికి, చుట్టూ మైనం కరిగించి పోసి, సైకిలు ట్యూబు ముక్కలో దోపి, రెండు కొసలూ బంకతో మూశాను. మునగడానికి వలకి కట్టే సీసం గుళ్ళు కట్టాను. మొదటిది బకెట్లోనే నీళ్ళు తాగి చచ్చింది. రెండోది ఎఫ్ఎం స్టేషను పట్టింది. బకెట్లోంచి ప్రకటనలు వినపడుతుంటే పిన్ని దణ్ణం పెట్టింది. తీగకి పైన రాగి అల్లిక ఉన్న రకం వాడాక మూడోది కుదిరింది.

ఒక పొద్దున చిన్న నావ మీద మేమిద్దరమే మొగ దాకా వెళ్ళాం. మా పెద్దవాళ్ళు దివిసీమలో ఉప్పెన చూసినవాళ్ళు. సముద్రం పేరెత్తితే మాట మార్చే ఇంట్లో పెరిగాను. నావ అంచు పట్టుకున్న చెయ్యి దారంతా వదల్లేదు. పోటుకీ పాటుకీ మధ్య నీళ్ళు నిలబడ్డ వేళ బాబాయి తెడ్డు దించి చెవి ఆనించాడు. నేను ట్యూబు దించి రికార్డరు నొక్కాను.

పైన అంతా నిశ్శబ్దం. కింద మాత్రం పెనం మీద ఆవాలు చిటపటలాడినట్టు రొయ్యలు. ఎక్కడో దూరంగా ఒక బోటు. ఇసకమీద ఏదో మెల్లగా ఈడ్చుకుపోతున్న చప్పుడు. ఆ తరవాత, నా చెవి పక్కనే ఎవరో తలుపు కొట్టినట్టు, ఒకటి, రెండు, మూడు. రికార్డరు మీద గీత మూడుసార్లు లేచింది. బాబాయి కళ్ళెత్తి నా వైపు చూశాడు. నేను తలూపాను. ఆయన తెడ్డు చంకలో ఇరికించుకుని, తువ్వాలు రెండు చేతులతో మొహానికి అడ్డం పెట్టుకుని చాలాసేపు ఏడ్చాడు. తెడ్డు మళ్ళీ పట్టుకున్నాక మళ్ళీ మూడు.

మిషను కూడా విన్నదన్న కబురు మాకన్నా ముందు హార్బరు చేరినట్టుంది. అనుమానం పెనుభూతం అంటారు. నేను దానికి తోడు రికార్డింగు కూడా ఇచ్చాను. కలాసీలు ఇక ఆ బోటు ఎక్కేది లేదన్నారు. పక్క బోటువాళ్ళు కూడా మొగ దగ్గర ఇంజను ఆపి చెవులు రిక్కించడం మొదలుపెట్టారట. బాబాయికి మతి ఉందని తేలింది గాని, ఎక్కేవాడు లేని బోటుకి సరంగు ఎందుకని ఓనరు అడుగుతున్నాడు.

ఇంట్లో కూర్చుని ఆ రికార్డింగు మళ్ళీ మళ్ళీ విన్నాను. ఎన్నిసార్లు విన్నా ఆ దెబ్బ చివర సన్నగా ఇనుమో రాగో కట్టెకి తగిలి గీసుకున్న చప్పుడు ఉంది. నీళ్ళలో పుట్టిన చప్పుడు కాదది, కట్టెలో పుట్టి నీళ్ళలోకి దిగింది. బాబాయి మొహం మూసుకుని ఏడ్చినంతసేపూ రొయ్యలు తప్ప ఏమీ లేవు. చెయ్యి తెడ్డు మీదకి వచ్చాకే దెబ్బలు మళ్ళీ వచ్చాయి. ఆయన వేలికి రాగి ఉంగరం ఉంది.

చెప్పాలా వద్దా అని రెండు మనసులతో ఉండి, చివరికి బాబాయిని తెడ్డు తీసుకుని రమ్మన్నాను. పిన్ని కూడా వచ్చింది. తెడ్డుని రెండు కుర్చీల మీద అడ్డంగా పెట్టి, బిళ్ళ అంటించి, స్పీకరు పెట్టాను. ఎప్పటిలాగే పట్టుకుని వినమన్నాను. తలుపు మూస్తే బొంతల గదిలో మన ఊపిరే మనకి బరువుగా వినపడుతుంది. చుక్క నీరు లేని ఆ గదిలో, కాసేపటికి, మూడు దెబ్బలు పడ్డాయి.

ముందు పిన్ని చూసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆవిడ చూపు వెంట బాబాయి తన చేతిని చూసుకున్నాడు. వేరే ఎవరిదో చెయ్యి తన ఒళ్ళో పడ్డట్టు చూశాడు. ఉంగరం తీసి పక్కన పెట్టాడు. వేలు ఆగలేదు. ఈసారి మెత్తగా, ఒట్టి వేలితో, మళ్ళీ మూడు.

"నేను కొట్టట్లేదమ్మాయ్," అన్నాడు.

"తెలుసు బాబాయ్."

ఆ వేలిని రెండో చేత్తో బిగించి పట్టుకుని, "అయితే ఆడు కాదన్నమాట," అన్నాడు.

భయం పోయి తేలికపడతాడనుకున్నాను. కాని ఇన్నాళ్ళూ మూడు దెబ్బలుగానైనా నీళ్ళలో ఉన్న తమ్ముడు ఆ రోజు నా గదిలో రెండోసారి పోయాడు. నాకు ఏడుపొచ్చింది. మైకు చెయ్యడం వచ్చినంత తేలిగ్గా, విన్నదాన్ని ఏం చెయ్యాలో రాదు నాకు.

మర్నాడు ఆయనే వెళ్ళి బోటు దిగిపోయాడు. డాక్టరు నరాల బలహీనత అని మాత్రలు రాశాడు. మూడే ఎందుకని పిన్ని అడిగితే, మాత్రలు మానకుండా వాడమన్నాడట. తెడ్డు మాత్రం బాబాయి తీసుకెళ్ళనన్నాడు. ఇప్పుడది మా స్టూడియో మూలన ఉంది, పాడేవాళ్ళు హెడ్‌ఫోన్స్ దానికి తగిలిస్తారు. రికార్డింగు మధ్యలో ఎక్కడైనా టక్కుమంటే నేను ముందు నా చేతుల వైపు చూసుకుంటాను.

మొన్న చేపలకని వాళ్ళింటికి వెళ్ళాను. బాబాయి అరుగుమీద ఎవరిదో వల బాగుచేస్తున్నాడు. లోపల పిన్ని మిక్సీలో మసాలా వేస్తోంది. ఆయన ఎడమ చెయ్యి పక్కనున్న చెక్కపీట మీద ఆనింది. మూడు దెబ్బలు. ఆ మోతలో పిన్నికి ఎలా తెలిసిందో నాకు తెలియదు, మిక్సీ ఆగిపోయింది. ఆయన తలెత్తలేదు. పిన్ని బయటికి రాలేదు. ఇల్లంతా అలా ఆగి ఉంది. నేను కూడా గుమ్మంలో కదలకుండా నిలబడ్డాను.

కాసేపటికి లోపల్నుంచి, గరిటెతో గుమ్మం చెక్కమీద, పిన్ని రెండు దెబ్బలు కొట్టింది. బాబాయి చెయ్యి పీట మీదనుంచి లేచి వల అందుకుంది. మిక్సీ మళ్ళీ మొదలైంది.