మేస్టారి ఎత్తిన చెయ్యి

మా వయొలిన్ మేస్టారు వాయించడం అయిపోయాక కూడా అరచెయ్యి గాలిలో ఎత్తి ఉంచేవారు. ఆ చెయ్యి దిగేదాకా శిష్యులం ఎవరమూ కదలకూడదు.

ఓసారి ఆయన, మేముండే తార్‌బహార్ పేటలో మా కాలనీ హాల్లో తెర కట్టించి, ఇద్దరు రష్యన్ స్వరకర్తల సింఫనీలు కచేరీ వీడియోల్లో చూపించారు. రెండూ దుఃఖంలో పుట్టినవే. మొదటిది పెద్ద హోరుతో, గెలిచినట్టు ముగిసింది. అది బలవంతపు నవ్వేనని మేస్టారు ముందే చెప్పినా, జనం లేచి నిలబడి మరీ చప్పట్లు కొట్టారు. రెండోదానిలో హోరు ముందే వచ్చేస్తుంది, అసలు ఏడుపంతా ఆఖరి భాగంలో ఉంటుంది. హోరు ఆగగానే అయిపోయిందనుకుని మళ్లీ చప్పట్లు. కాలనీ కార్యదర్శి వీడియో ఆపించి, శాలువాతో వేదికెక్కేశాడు.

మేస్టారి చెయ్యి లేచింది.

"ఇంకా అవనేదయ్యా! ఏటీ తొందర?"

"అచ్ఛా మేస్టారూ, మిగిలింది ఇంకోరోజు చూద్దాం. ముందు మీ సన్మానం కానీండి."

కప్పిన శాలువాని మేస్టారు తీసి కుర్చీలో పడేశారు. "బలవంతంగా నవ్వినోడికి లేచి దండాలెట్టినారు. మనసారా ఏడిసినోడి నోరు నొక్కేసినారు. ఏటి మనుషులర్రా మీరు?"

జనం నవ్వారు. ఆ నవ్వు తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండిపోతుంది.

మొన్న అదే హాల్లో మేస్టారి సంతాపసభ జరిగింది. లేచి మౌనం పాటించమన్న ఆ కార్యదర్శే, మేం తలలు వంచామో లేదో, "చాయ్, సమోసా తీసుకెళ్లండి" అన్నాడు. కుర్చీలు కిర్రుమన్నాయి.

నేను అరచెయ్యి పైకెత్తాను.

"ఇంకా అవనేదు. ఎవరూ కదలకండి."