పర్లేదు అన్న పంట

నరసరావుపేటలో మా ఆఫీసు ఉంటుందో మూసేస్తారో ఆ సీజన్ రిపోర్టుతో తేలిపోతుందన్నారు. దాన్ని రాయాల్సింది నేను. మిరప విత్తనాలమ్మే కంపెనీకి అక్కడున్నది రెండు గదుల ఆఫీసు, అందులో పాతకాపుని నేనే. నలభై అయిదు దాటినవాణ్ణి పిలిచి ఇంకో కంపెనీ ఉద్యోగమిస్తుందన్న భ్రమ నాకు లేదు.

పంట ఎలా ఉందో రైతు మాటల్లోనే రాయాలి, ఆ మాటల్ని బట్టి రంగుల చార్టు వేయాలి, పక్కన చేను ఫొటోలు పెట్టాలి. "రాత తక్కువ, బొమ్మలు ఎక్కువ ఉండాలండీ. చూడగానే తెలిసిపోవాలి," అని హైదరాబాదు హెడ్డాఫీసు నుంచి మేనేజరు ఫోన్లో చెప్పాడు. ఇంతేనా అనుకుని బండి తీశాను. రాజుపాలెం, నకరికల్లు, రొంపిచెర్ల చుట్టుపక్కలంతా తిరిగాను. ఎక్కడ చూసినా మా విత్తనం విరగకాసింది. నా ఆనందం అంతా ఇంతా కాదు.

అయితే మావాళ్ల సంగతి తెలిసిందేగా. పంట బాగున్నప్పుడు బాగుందని చచ్చినా అనరు. అంటే దిష్టి తగులుతుందని భయం. రొంపిచెర్ల దగ్గర నేను మామా అని పిలిచే రైతు చేలో, కాయల బరువుకి కొమ్మలు నేలకి ఆనుతున్నాయి.

"ఎట్టుంది మామా?"

"ఏందోలే అల్లుడా, పర్లేదు."

ఫోన్ ఎత్తగానే చెయ్యి అడ్డం పెట్టాడు. "అటు తియ్యమాక. ఈ మూల తీసుకో."

ఆ మూల గట్టు పక్కన నీళ్లందక నాలుగు మొక్కలు ఎండిపోయున్నాయి. అందరూ అదే మాట అన్నారు, అందరూ అలాంటి మూలే చూపించారు. పర్లేదంటే బ్రహ్మాండంగా పండిందని మా దగ్గర చిన్నపిల్లలకీ తెలుసు. నేనూ ఆ ధీమాతోనే ఉన్నదున్నట్టు రాసి, అవే ఫొటోలు అతికించి పంపేశాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది!

మేనేజరు ఫోన్ చేశాడు. "చార్టంతా 'పర్వాలేదు' రంగే ఉందేంటండీ? ఫొటోల్లో చూస్తే ఎండిన మొక్కలు. మన విత్తనం అక్కడెవరికీ నచ్చలేదన్నమాట. ఇంక ఆఫీసెందుకు?"

దిష్టి సంగతి చెప్పాను. ఆయన నవ్వాడు. "రిపోర్టులో దిష్టికి గడి లేదండీ," అన్నాడు. ఒళ్లు మండిపోయింది. మండి ఏం చేస్తాను, కాళ్లావేళ్లా పడ్డాను. సోమవారంలోగా ఒక్క రైతన్నా బాగుందని చెప్పే వీడియో పంపితే చూద్దామన్నాడు.

మళ్లీ ఊళ్ల మీద పడ్డాను. ఒక్కరూ ఒప్పుకోలేదు. చివరికి మామ దగ్గరికే వచ్చి అడిగాను.

"నీ ఉద్యోగం కోసం నా చేనుకి నన్నే దిష్టి పెట్టుకోమంటావా?" అన్నాడు మామ. అనేసి, నా మొహం చూడలేక తల దించుకున్నాడు. ఇంకా కోత పూర్తి కాలేదు, ఆయన్ని తప్పుపట్టలేను. అలాగని ఇంటికెళ్లి నా భార్యకి ఏం చెప్పాలో తెలియలేదు. గట్టు మీద కూలబడిపోయాను.

కాయలు కోస్తున్న అత్త లేచి వచ్చింది. "లెయ్యి అల్లుడా. నేను చెప్తా, తీసుకో."

చేను నడుమ నిలబడి, నిండుగా కాసిన కొమ్మ పట్టుకుంది. "కాయ చానా బాగా కాసింది. ఇట్టాంటి కాపు మా చేలో ఎప్పుడూ చూళ్ళా," అంది. వీడియో అవగానే అన్నం మూటలోంచి ఉప్పు తీసి, ఎండుమిరపకాయలు కలిపి చేనుకి దిష్టి తీసింది. తర్వాత నా దగ్గరికొచ్చి నాకూ తీసింది. నాకు ఏడుపు ఆగలేదు.

చార్టు మార్చాను, ఫొటోలు మార్చాను, అత్త మాటని పెద్ద అక్షరాలతో మొదటి పేజీలో పెట్టాను. ఇంత మంచి రిపోర్టు నా సర్వీసులో రాయలేదు. మంగళవారం జవాబొచ్చింది. రిపోర్టు చాలా బాగుందట. మూసేయాలన్న నిర్ణయం మాత్రం అంతకుముందే అయిపోయిందట.

ఆఫీసు బోర్డు దింపుతున్నప్పుడు అత్త ఫోన్ చేసింది.

"ఏమైంది అల్లుడా? ఉంచారా నిన్ను?"

అంత భయాన్ని దిగమింగి ఆమె అన్న మాట ఎందుకూ పనికిరాలేదని ఏ నోటితో చెప్పను?

"ఏదో, పర్లేదు అత్తా," అన్నాను.

"అమ్మయ్య!" అంది. "ఏమయ్యో, అల్లుడి ఉద్యోగం నిలబడిందంట!" అని చేలో ఉన్న మామకి కేకేసి చెప్పడం నాకు ఫోన్లో వినిపించింది.