జ్వరపు ఓడను రాసిన సుగుణమ్మ గారు

సుగుణమ్మ గారు ఇక లేరన్న వార్త గత మంగళవారం ఉదయం, నేను మెట్రోలో ఆఫీసుకు వెళుతుండగా, వారి కుమార్తె రూత్ పంపిన సందేశంలో చూశాను. నిద్రలోనే గుండె ఆగిపోయిందట. మయూర్ విహార్‌లో ఎక్కిన నేను, దిగవలసిన స్టేషన్ దాటి చాలా దూరం వెళ్లిపోయిన సంగతే గమనించలేదు. ముందురోజు సాయంత్రం ఆమె నాతో ఫోనులో పోట్లాడారు. అంత గట్టిగా వాదించిన మనిషి తెల్లవారేసరికి లేకుండా పోవడమేమిటో నా బుద్ధికి ఇప్పటికీ అందడం లేదు.

చర్చిలో పాస్టరు గారు ఆమె ముప్పై ఏళ్ల నర్సు జీవితాన్నీ, సేవాతత్పరతనూ స్మరించారు. తెనాలి నుంచి ఢిల్లీ వచ్చిన తొలినాళ్ల కష్టాలను బంధువులు తలుచుకున్నారు. రోమ్ గురించి మాత్రం ఎవరూ ఒక్క మాట అనలేదు. వెనుక వరుసలో కూర్చున్న నాకు, ఎవరి అంత్యక్రియలకు వచ్చానో క్షణకాలం సందేహం కలిగింది. నేనెరిగిన సుగుణమ్మ గారు వేరు. అందుకే ఈ వ్యాసం.

నేను నోయిడాలో కంప్యూటర్ ఆటలు తయారుచేసే ఒక చిన్న సంస్థలో పనిచేస్తున్నాను. మా ఆట ప్రాచీన రోమన్ల కాలానిది. ఆటగాడు ఒక నగరాన్ని ఏలుతాడు. ఆడే ఒక్కో వంతు ఒక్కో ఋతువుతో సమానం. నడుమ కరువు, తిరుగుబాటు, భూకంపం వంటి చారిత్రక సంఘటనలు ఎదురవుతాయి. అప్పుడతడు ఏదో ఒక నిర్ణయం తీసుకోవాలి. ఆ సంఘటనలను కల్పించడం మా బృందం పని. మా అపార్ట్‌మెంటులోనే కింది అంతస్తులో ఉండే సుగుణమ్మ గారికి, ఒక ఆదివారం టీ తాగుతూ, నేను రాసిన విషజ్వరం సంఘటన చూపించాను.

ఆమె కళ్లజోడు సవరించుకుని చదివారు. "జ్వరమొస్తే జనాభా ఇంత తగ్గుద్దని రాశావు. మరి వాళ్లకి మంచినీళ్లు ఎవరిస్తన్నారమ్మాయ్?"

"అసొంటిదేం లేదాంటీ ఆటల."

"అది లేకపోతే జ్వరం గురించి ఏం రాసినట్టు?"

మా కరీంనగర్ మాటకూ ఆమె తెనాలి మాటకూ మధ్య స్నేహం అలా మొదలైంది. ఆమెకు రోమ్ పరిచయం, చర్చిలో తాను పాఠాలు చెప్పే సండే స్కూలు ద్వారా కలిగింది. బైబిల్లో కనిపించే శతాధిపతి, అంటే వందమంది రోమన్ సైనికుల నాయకుడు, ఏం తినేవాడని పిల్లలు అడిగితే, తెలియదని ఒప్పుకుని, లైబ్రరీ నుంచి పుస్తకాలు తెచ్చి చదవడం ప్రారంభించారట. ఆ చదువు ఇరవయ్యేళ్లపాటు ఆగలేదు. మా సంస్థ ఆమెను సలహాదారుగా పిలిచింది. ఆరు నెలలు తిరక్కుండానే సంఘటనలన్నీ ఆమె చేతి మీదుగా వెళ్లసాగాయి.

సేనల తిరుగుబాటుకు మేమంతా సేనాపతుల అధికార దాహాన్ని కారణంగా రాస్తే, ఆమె ఆ కాగితం పక్కన పెట్టి, మంచులో నడిచి చెప్పులు తెగిన ఒక సైనికుడితో కథ మొదలుపెట్టారు. "పాలించేవాడికి ఏ సంగతైనా తెలిసేది, ఎవరో ఒకరు పరిగెత్తుకొచ్చి చెబితేనే. ముందు వాళ్ల పేరు రాయండి," అనేవారు. అందుకే మా ఆటలో ప్రతి విపత్తూ ఒక మంత్రసానితోనో, బావులు తవ్వేవాడితోనో ఆరంభమవుతుంది.

ఆమె చివరిగా రాసింది ఓడ సంఘటన. దూరదేశం నుంచి సొంత ఊరివాళ్లే తిరిగివస్తారు. ఓడలో కొందరికి జ్వరం. రేవులోకి రానివ్వాలా, వెనక్కి పంపాలా? మొదట, పంపేస్తే నగరం క్షేమమని రాశారు. వారం తరువాత, పంపడం ఘోరమని మార్చారు. ఆ పైన రెండూ కొట్టేసి, ఏ నిర్ణయానికీ తీర్పు చెప్పవద్దన్నారు. ఫలితం ఎప్పటికో రావాలట, అదీ దేనివల్ల వచ్చిందో తెలియకుండా. ఆటను పరీక్షించినవారు అయోమయంలో పడ్డారు. ఏది సరైనదో చూపండి, లేదా సంఘటననే తీసెయ్యండి అన్నాడు మా సంస్థ అధిపతి.

సోమవారం ఫోనులో నేను కూడా అదే అన్నాను. "ఏది కరెక్టో చెప్పకపోతే ఆడెటోళ్లకు సమజ్ కాదాంటీ."

"తీసేస్తే తీసెయ్యండి. కానీ 'మీ నిర్ణయం సరైనది' అని మాత్రం రాయబాకండి," అని ఫోను పెట్టేశారు. నేను విన్న ఆమె ఆఖరి మాట అది. ఆ పట్టుదల ఎందుకో నాకు బోధపడలేదు.

అంత్యక్రియలైన రెండు రోజులకు వారింటికి వెళ్లాను. ఇక్కడే పుట్టి పెరిగిన రూత్‌కు తెలుగు అర్థమవుతుంది కానీ జవాబు హిందీలోనే వస్తుంది. అమ్మ రాసింది చూపించమంది. లాప్‌టాప్‌లో ఓడ సంఘటన తెరిచాను. మొదటి నుంచి చివరిదాకా రెండుసార్లు చదివింది. ఆ తరువాత చెప్పింది: నేను ఈ అపార్ట్‌మెంటుకు రాకముందు, కరోనా రోజుల్లో, ఆసుపత్రుల్లో పడకలు దొరకని వేసవిలో, సుగుణమ్మ గారి తమ్ముడు ప్రభుదాసు గారు జ్వరంతో వచ్చి ఈ గుమ్మం ముందే నిలబడ్డారు. లోపల భర్త ఊపిరితిత్తుల జబ్బు మనిషి. ఆమె తమ్ముణ్ణి లోపలికి రానిచ్చి, ముందు గదిలో ఉంచి సేవచేశారు. తమ్ముడు కోలుకున్నారు. మూడు వారాలకు భర్త పోయారు.

"మమ్మీ నే కభీ ఇస్ బారే మే బాత్ నహీ కీ," అంది రూత్. ఒక్కసారి కూడా ఆ మాట ఎత్తలేదట. నాలుగేళ్లు ఆమె పక్కన కూర్చుని పనిచేసిన నేనూ ఆ మాట ఎన్నడూ వినలేదు.

రూత్ తెర వైపు చూపించింది. "దీదీ, ఇన్ దోనోం మే సే పాపా కిస్ మే బచ్తే?"

ఈ రెండింటిలో దేన్ని ఎంచుకుంటే నాన్న బతికేవారని అడుగుతోంది. ఆ ఓడ వెనుక ఉన్న లెక్కలన్నీ నేను రాసినవే.

బాల్కనీలో కూర్చున్న ప్రభుదాసు గారు లేచి వచ్చారు. "ఏంటమ్మా అది?"

"మావయ్యా, షిప్‌లో ఫీవర్ ఉంది. మన లోగ్ హీ హై, మనవాళ్లే. లోపలికి రానివ్వాలా?" రూత్ వచ్చినంత తెలుగులో అడిగింది.

ఆయన వంగి తెర చూశారు. ఆ బొమ్మలోని మనుషులను ఒక్కొక్కరినే చూశారు.

"వెనక్కి పంపెయ్యమ్మా," అన్నారు.

రూత్ ఆ మాట పట్టించుకోలేదు. ఓడను రానిచ్చింది. ఆయన ఆమె కుర్చీని పట్టుకుని వెనుకే నిలబడిపోయారు.

సుగుణమ్మ గారు ఆనాడు చేసింది సరైనదో కాదో నాకు తెలియదు. ఆమెకు తెలుసో లేదో కూడా తెలియదు. ఆ సంఘటనలో ఒక్క అక్షరం మార్చవద్దని అధిపతికి రాశాను. జవాబు ఇంకా రాలేదు. మరొక సంఘటన రాయడానికి కూర్చుంటే, ఎవరి పేరుతో మొదలుపెట్టాలో తోచక కలం ఆగిపోతోంది. అడుగుదామంటే కింది అంతస్తులో ఆ మనిషి లేరు. ఆ మహనీయురాలికి ఈ శిష్యురాలి అశ్రునమస్కారం.